మూడవ చిత్రపటము: గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు

ప్రతి సంవత్సరము నవంబరు 14 మొదలు 20 వరకు మా కళాశాలలో గ్రంథాలయ వారోత్సవములు జరుగుట పరిపాటి. పఠనశాల గుమ్మమునకు మామిడాకుల తోరణము కట్టి, బల్లపై తెల్లని వస్త్రము పరచి, మూడు చిత్రపటములు నిలిపి పూలమాలలు వేయుదురు. మొదటిది రంగనాథన్ గారిది. రెండవది అయ్యంకి వెంకటరమణయ్యగారిది. మూడవది ఎవరిదని మేము గత నవంబరులో విద్యార్థులను అడిగితిమి. ఉర్దూ చదువు పిల్లలే కాదు, తెలుగు విద్యార్థులును చెప్పలేకపోయిరి. తలపాగాను చూచి ఒక అమ్మాయి మాత్రము ఎవరో పూర్వకవి కావచ్చునని ఊహించినది. ఆ పటము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిది. పుట్టినది మన కర్నూలులోనే. పొరుగింటి పెద్దను ఎరుగని స్థితి విద్యార్థులది మాత్రమే కాదని, మేమును ఆయనను గూర్చి చదివినది స్వల్పమేనని ఆనాడు గుర్తించితిమి.

ఈ వ్యాసమునకు మరియొక కారణము కూడ కలదు. వారోత్సవములు ముగిసిన కొలదిదినములకు మా గ్రంథపాలకులు కొన్ని టైపు కాగితములు తెచ్చి మా ముందుంచిరి. కళాశాలల గ్రంథపాలకులు కొందరు కలసి ఒక సంఘము నెలకొల్పదలచినారట. దాని నియమావళి ఇంగ్లీషున సిద్ధమైనది. తెలుగున కూడ ఉండవలెనని కొందరు కోరినారు. ఎవరు ఏ పని చెప్పినను కాదనలేని మనిషి గనుక ఆ భారము మా గ్రంథపాలకులపై పడినది. ఆయన మాపై పెట్టిరి. ఉద్దేశములు, చందా, కార్యవర్గము, సర్వసభ్య సమావేశము, కోరము, లెక్కల తనిఖీ, నియమముల సవరణ అని వరుసగా తెనిగించుచు పోయితిమి. సభ్యత్వమును గూర్చిన నియమము వద్ద కలము ఆగినది. ప్రభుత్వ వేతనశ్రేణిలో క్రమబద్ధముగా నియమితులైన వారికే సభ్యత్వమనియు, వారికే ఓటనియు అందున్నది. మా గ్రంథపాలకులు యాజమాన్యము నెలనెల ఇచ్చు గౌరవవేతనముపై పనిచేయుచున్నవారు. తనకు చోటులేని సంఘమునకు నియమావళిని ఆయనయే మోసికొని తిరుగుచుండెను! ఈ సంగతి ఆయనకు తెలియదేమోనని మొదట అనుకొంటిమి. తెలియును. తెలిసియు మాట్లాడలేదు.

సంఘమనగా ఏమి, అందు ఎవరు ఉండవలెను అను ప్రశ్న అప్పటినుండి మమ్ము విడువలేదు. దానికి సమాధానము వెదకుచు హరిసర్వోత్తమరావుగారి జీవితములోనికి పోయితిమి.

రావుగారు 1883 సెప్టెంబరు 14న కర్నూలులో జన్మించిరి. తల్లి భాగీరథీబాయి, తండ్రి వెంకటరావు. పూర్వులది కడప జిల్లా సింహాద్రిపురము. ఇంట సంపద లేదు. చదువు కర్నూలు, గుత్తి, నంద్యాలలలో ముక్కలు ముక్కలుగా సాగినది. డబ్బులేక ఆగిపోవలసిన చదువు విద్యార్థి వేతనముల బలమున ముందునకు నడచి, 1906లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఎం.ఏ. పట్టముతో ముగిసినది. ఆ రోజులలో ఎం.ఏ. చదివినవానికి సర్కారు కొలువు చేతికందు దూరములో ఉండెడిది. బడి నుండి బడికి, ఊరి నుండి ఊరికి మారుచు చదివిన పేదయింటి కుమారుడు ఒక స్థిరమైన ఉద్యోగమును కోరుట తప్పు కాదు. ఉపాధ్యాయ శిక్షణకై ఆయన రాజమహేంద్రవరము చేరిరి. కథ అక్కడ అడ్డము తిరిగినది.

అది 1907. వంగదేశ విభజనపై రేగిన వందేమాతర ఉద్యమము గోదావరీతీరమును తాకినది. ఏప్రిల్ మాసమున బిపిన్ చంద్రపాలుగారు రాజమహేంద్రవరమున ఉపన్యాసములు చేయగా చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు వానిని తెనిగించి వినిపించిరి. విద్యార్థులు వందేమాతర చిహ్నములు ధరించి తరగతులకు పోయిరి. కళాశాలాధ్యక్షుడు మార్క్ హంటరు ఆగ్రహించి పలువురిని వెడలగొట్టెను. వారికి ముందు నిలిచినవారిలో రావుగారొకరు. ఆయనను శిక్షణ కళాశాల నుండి బహిష్కరించుటయేగాక సర్కారు కొలువునకు అనర్హుని గావించిరి. చేతికందిన కొలువు చేయిజారినది. ఆ సంవత్సరమే ఆయన వ్రాసిన అబ్రహాం లింకను చరిత్ర విజ్ఞానచంద్రికా మండలి ప్రచురణగా వెలువడినది. కట్టెల యింట పుట్టి, ఎరువు పుస్తకములతో చదువుకొని దేశాధ్యక్షుడైన వాని కథను, చదువుకై ఊరూరు తిరిగిన యువకుడు తెలుగువారికి చెప్పినాడు. లింకను కథలో ఆయనకు తన బాల్యము కొంత కనిపించియుండునని మాకు తోచును. ఇది మా ఊహ మాత్రమే.

కొలువు లేనివానికి కలమే దిక్కైనది. 1908లో బెజవాడ నుండి స్వరాజ్య యను వారపత్రికను నడపిరి. ఆ మార్చి నెలలో తిరునల్వేలి ప్రాంతమున పోలీసులు ప్రజలపై కాల్పులు జరిపిరి. దానిని ఖండించుచు స్వరాజ్యలో వెలువడిన వ్యాసము రాజద్రోహమని ప్రభుత్వము అభియోగము మోపినది. క్రింది న్యాయస్థానము విధించిన శిక్ష చాలదని సర్కారు పైకి పోగా, హైకోర్టు దానిని మూడేండ్లకు పెంచినది. అప్పటికి ఆయన వయస్సు ఇరువది నాలుగు. మా కళాశాలలో చదువు ముగించి పోటీపరీక్షలకు సిద్ధమగు పిల్లల వయస్సే అది.

వేలూరు చెరసాలలో ఆయన అనుభవించినది చదువుచుండగా మాకు పుట ముందుకు తిప్ప బుద్ధిపుట్టలేదు. నాడు రాజకీయ ఖైదీ యను తరగతి లేదు. బందిపోటులతోను, హంతకులతోను కలిపియుంచిరి. కాలుసేతులకు గొలుసులు, మొలకు మూరెడు గోచిగుడ్డ, తలపై టోపీ, మెడలో ఖైదీ సంఖ్య వ్రాసిన కొయ్యపలక. తిండి మట్టిచిప్పలో. ఎం.ఏ. చదివిన వానికి పుస్తకము లేదు, కాగితము లేదు. తరువాతి కాలమున ఊరూర పుస్తకములు చేరవలెనని తిరిగిన మనిషి మూడేండ్లు పుస్తకములకు దూరమై గడపినాడని పాఠకులు గుర్తుంచుకొందురు గాక. తెలుగువారు ఆయనకు ఆంధ్ర తిలక్ అను బిరుదునిచ్చిరి. లోకమాన్యునకు కూడ అదే 1908లో రాజద్రోహ నేరముపై శిక్ష పడినది. కాని లోకమాన్యునకు మాండలే చెరలో పుస్తకములు దొరకినవి, గీతారహస్యము వ్రాయ వీలు కలిగినది. మనవానికి మట్టిచిప్పయే మిగిలినది.

1911లో విడుదలయైన తరువాత పరిస్థితి సుఖముగా లేదు. రాజద్రోహిని యింట నుంచుకొనుటకు జనులు భయపడు దినములవి. మద్రాసులో కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు ఆదరించిరి. 1906లో హైదరాబాదున పుట్టిన విజ్ఞానచంద్రికా మండలి అప్పటికి మద్రాసునకు తరలియుండెను. దాని గ్రంథప్రచురణలోను, ఆంధ్ర విజ్ఞానసర్వస్వపు పనిలోను రావుగారు పాలుపంచుకొనిరి. పిదప కొంతకాలము ఆంధ్రపత్రిక దినపత్రికకు సంపాదకత్వము వహించిరి. అనిబిసెంటమ్మ హోంరూలు ఉద్యమమును ఆంధ్రదేశమున నడపినవారిలో ముఖ్యులైరి. భార్య రమాబాయిగారి సంపాదకత్వమున సౌందర్యవల్లి యను స్త్రీల పత్రిక వెలువడినది. ఈ భాగమును మేము త్వరగా దాటిపోవుచున్నాము. పత్రికలను గూర్చి వ్రాయువారు వేరుగా ఉన్నారు.

ఒక్క విషయము మాత్రము మన ప్రాంతమునకు సంబంధించినది గనుక విడువరాదు. 1800లో నిజాము కుంఫిణీ వారికి అప్పగించిన బళ్లారి, కడప, కర్నూలు, అనంతపురము ప్రాంతములను దత్తమండలములని పిలుచుచుండిరి. ఇచ్చివేయబడినవి యని దాని అర్థము. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలలో ఆ పేరు తొలగి రాయలసీమ యను పేరు వచ్చినది. ఆ పేరు పెట్టినది గాడిచర్లవారని కొందరు, చిలుకూరి నారాయణరావుగారని కొందరు చెప్పుదురు. పేరు ఎవరిదైనను, ఆ మార్పునకై పాటుపడినవారిలో ఇరువురును ఉన్నారు. నాడు మన ఆలూరు, ఆదవాని కర్నూలు జిల్లాలో లేవు, బళ్లారి జిల్లాలో ఉండెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదవాని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలో చేరినవి. మొదటి రెండును కర్నూలు జిల్లాకు వచ్చినవి. అప్పటికి రావుగారు డెబ్బదేండ్ల వృద్ధులు. కాగా మేము ఆయనను మన జిల్లావారని చెప్పుకొనుట డెబ్బదేండ్లు దాటిన హక్కు మాత్రమే. ఇంకొక విచిత్రమేమనగా, 2022లో జిల్లాల విభజన జరిగి, ఆయన చదివిన నంద్యాల వేరు జిల్లా అయినది.

ఇక గ్రంథాలయముల సంగతి. ఇదియే మాకు ముఖ్యము.

1914 ఏప్రిల్ 10న బెజవాడలోని రామమోహన గ్రంథాలయమున ఒక సభ జరిగినది. పలుచోట్ల పుస్తకశాలలు నడపుచున్న వారి ప్రతినిధులు అందు కూడిరి. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. ఏడేండ్ల క్రిందట రాజమహేంద్రవరమున పాలుగారి ఉపన్యాసములను తెనిగించిన కంఠమే ఇచ్చట పుస్తకములను గూర్చి పలికినది. ఆ సభ నుండి పుట్టినదే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము. తొలి అధ్యక్షులు మోచర్ల రామచంద్రరావుగారు. కార్యదర్శులలో అయ్యంకి వెంకటరమణయ్యగారొకరు. సంఘమునకు ప్రాణము ఆయనయే. మన దేశమున గ్రంథాలయ సంఘములలో ఇది మొట్టమొదటిది. రంగనాథన్ గారి చేయూతతో మద్రాసు గ్రంథాలయ సంఘము పుట్టినది 1928లో. అఖిలభారత గ్రంథాలయ సంఘము కలకత్తాలో పుట్టినది 1933లో. బరోడాలో గ్రంథాలయములు అంతకుముందే విస్తరించినవి గాని, అది మహారాజు సయాజీరావుగారు పైనుండి చేసిన పని. తెలుగునాట జనులే క్రిందినుండి కట్టుకొనిరి. 1919 నవంబరు 14న అఖిలభారత పౌరగ్రంథాలయ మహాసభ మద్రాసులో జరుగుటకును అయ్యంకివారి కృషియే మూలము. వారోత్సవములు నవంబరు 14న ఆరంభమగుటలో ఆ స్మృతి ఉన్నది. ఆ దినము జవాహర్‌లాల్ నెహ్రూగారి జన్మదినమని మాత్రమే మన పిల్లలు ఎరుగుదురు.

బెజవాడ సభను గూర్చి చదువుచున్నప్పుడు మాకొక సత్యము తట్టినది. ఆ కూడినవారిలో గ్రంథపాలకవృత్తిని చదివి పట్టము పొందినవారు లేరు. ఉండుటకు ఆస్కారమే లేదు. ఆ విద్య అప్పటికి మద్రాసు ఆవరణములో పుట్టలేదు. రంగనాథన్ గారు గణితోపాధ్యాయత్వము వదలి మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులైనది 1924లో. ఆయన శిక్షణ పాఠశాల మొదలైనది 1929లో. మరి బెజవాడకు వచ్చినదెవరు? వకీళ్లు, బడిపంతుళ్లు, కవులు, రైతులు. తమ యింటి అరుగుపై అలమర పెట్టి పదిమందికి పుస్తకములిచ్చినవారు. సభ్యత్వమునకు వారి అర్హత ఒక్కటే: ఊరిలో ఒక పుస్తకశాలను బ్రతికించుచున్నారు. వేతనము లేదు గనుక వేతనశ్రేణి ప్రసక్తియే లేదు. ఇట్టి సంఘమునకు రావుగారు దీర్ఘకాలము అధ్యక్షులై నడపిరి.

ఆయన అధ్యక్షతను గూర్చి మేము కొంత ఆలోచించితిమి. అయ్యంకివారు రథమును లాగినవారు. తరువాతి తరమున పాతూరి నాగభూషణముగారు కార్యదర్శిగా ఆ భారమును మోసిరి. ఈ ఇరువురి కార్యదీక్ష ముందు అధ్యక్షుని పని పైకి తక్కువగా కనిపించును. కాని సంఘములను దగ్గరనుండి చూచినవారికి తెలియును: కార్యదర్శి పరుగెత్తగా అధ్యక్షుడు కూర్చుండవలెను. అభిప్రాయభేదములు వచ్చినప్పుడు రెండు పక్షములును నమ్మదగిన మనిషి పీఠముపై ఉండవలెను. గోదావరి, కృష్ణాతీరములవారు ఎక్కువగా ఉన్న సంఘమునకు సీమవాడు అన్నియేండ్లు అధ్యక్షుడగుట సామాన్యము కాదు. కోస్తావారికిని, సీమవారికిని నడుమ అనుమానములు రేగుచున్న కాలమది. ఆ అనుమానములను తొలగించుటకే 1937లో శ్రీబాగు ఒడంబడిక అవసరమైనది. గ్రంథాలయ సంఘము మాత్రము ఆ కలహమున చీలిపోలేదు.

ఆ సంఘము చేసిన పనులు చెప్పుకొనదగినవి. గ్రంథాలయ సర్వస్వము అను పత్రికను వెలువరించినది. బయటి విద్యాలయములింకను మేల్కొనకముందే, 1920లో, గ్రంథాలయ సేవకులకు శిక్షణ తరగతులు జరిపినది. గ్రంథాలయ యాత్రలని బయలుదేరి ఊరూరు తిరిగి, ఉన్నవానిని చూచి, లేనిచోట స్థాపింపజేసినది. 1935లో కృష్ణా కాలువలపై పడవలో పుస్తకములు పెట్టి ఒడ్డుననున్న గ్రామములకు అందించిరి. అది పాతూరివారి తలపు. కాలువలులేని మన ఆలూరు ప్రాంతమున పడవ యను మాటయే నవ్వు పుట్టించును. ఇచట ఎడ్లబండి కావలసియుండును, దాని వెనుక త్రాగునీటి పీపా ఒకటి!

రావుగారు ఈ పనికి తమ వంతుగా చేర్చినది వయోజనవిద్య. అక్షరము రానివానికి గ్రంథాలయము తాళము వేసిన యిల్లు. ఊరి పుస్తకశాలలో వేయి పుస్తకములున్నను నూటికి తొంబదిమందికి అవి ఇటుకలతో సమానము. కాబట్టి గ్రంథాలయ సంఘములోను, వయోజనవిద్యా సంఘములోను ఆయన ఒకే కాలమున నాయకత్వము వహించి, రెండును ఒకే బండికి కట్టిన ఎడ్లని భావించిరి. పగలు పుస్తకములిచ్చు చావడిలోనే రాత్రి దీపము పెట్టి అక్షరములు నేర్పవలెను. వ్రాత నేర్చినవాడు తిరిగి మరచిపోకుండ వానికి తేలిక పుస్తకములు అందవలెను. ఈ చివరి సంగతి మా అనుభవమునకు మిక్కిలి దగ్గర. మా ఊరి చుట్టుపట్ల రాత్రిబడులలో సంతకము నేర్చి, అయిదేండ్లకు మరల వేలిముద్రకు దిగినవారిని మేము ఎరుగుదుము. చేతికి చదువదగిన కాగితము రాకపోవుటయే దానికి కారణము.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత సంఘపు బ్రతుకు మారినది. 1948లో మద్రాసు పౌరగ్రంథాలయ చట్టము వచ్చినది. దాని వెనుక రంగనాథన్ గారి ముసాయిదా ఉన్నది. ఇంటిపన్నుపై గ్రంథాలయ పన్ను వేసి, జిల్లాకొక గ్రంథాలయ సంస్థను నెలకొల్పి, పుస్తకశాలలను సర్కారు పోషణలోనికి తెచ్చిరి. సంఘము ముప్పదియేండ్లు కోరినదే ఇది. కోరినది లభించినప్పుడు ఒక చిక్కు పుట్టును. గ్రంథాలయములను స్థాపించుట సర్కారు పనియైన తరువాత సంఘమునకు మిగిలినదేమి? రెండవది, ఊరివాడు ఊరికే నడపిన పుస్తకశాలలో ఇప్పుడు జీతగాడు వచ్చి కూర్చుండెను. జీతమునకు శ్రేణి కావలెను, సెలవు కావలెను, పింఛను కావలెను. ఇవి పాత సంఘము ఎరుగని ప్రశ్నలు. ఇచటినుండియే వృత్తిసంఘములు పుట్టవలసివచ్చినది.

కళాశాల గ్రంథపాలకుల సంగతి మరింత చిత్రమైనది. తెలుగు శాఖలో మేము నలుగురము ఉన్నాము. సందేహము వచ్చిన ఒకరినొకరు అడుగుదుము. కళాశాలకు గ్రంథపాలకుడు ఒక్కడే. ఆయన పని తెలిసినవాడు ఆ ప్రాకారములో మరియొకడు లేడు. ఆయనకు సంఘమే శాఖ. 1957లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము రంగనాథన్ గారి అధ్యక్షతన ఒక గ్రంథాలయ సమితిని నియమించినది. గ్రంథపాలకుడు గుమాస్తా కాడనియు, బోధకులతో సమానమైన హోదా, వేతనము పొందవలెననియు ఆ సమితి తేల్చినది. కాగితముపై తేలినది కళాశాలకు వచ్చుటకు ఎన్నో యేండ్లు పట్టినది. కొన్నిచోట్ల ఇంకను రాలేదు. పుస్తకము పోయిన దాని వెల గ్రంథపాలకుని జీతమునుండి పట్టు ఆచారము కొన్ని కళాశాలలలో కలదు. కేంద్ర ప్రభుత్వపు ఆర్థిక నియమములలో మాత్రము ఏడాదిలో చేతులు మారిన వేయి సంపుటములకు అయిదు పోవుట సహజమని ఒప్పుకొనిరి. బీరువాకు తాళము వేసినచో ఒక్కటియు పోదు, ఒక్కరును చదువరు. ఇట్టి విషయములు చెప్పుకొనుటకు, పైవారికి వినిపించుటకు సంఘము తప్పదు.

సంఘము పెట్టుట కష్టము కాదు. 2001 నాటి మన రాష్ట్రపు సంఘముల నమోదు చట్టము క్రింద ఏడుగురు కలసి ఉద్దేశపత్రముపై సంతకములు చేసి, నియమావళి జతపరచి నమోదు చేయించవచ్చును. ఏటేట సర్వసభ్య సమావేశము జరుపవలెను, కార్యవర్గపు పట్టికను నమోదు అధికారికి పంపవలెను, లెక్కలు ఉంచవలెను. సంఘములు కూలునది ఎక్కువగా ఈ చిన్నపనులు మరచుటవలననే. ఎన్నిక జరుగదు. పాత కార్యవర్గమే పదియేండ్లు కొనసాగును. చందా పుస్తకము ఎవరి యింటనో ఉండును. ఉర్దూలో సంఘమును అంజుమన్ అందురు, నియమావళిని దస్తూర్ అందురు. దస్తూరనగా ఆచారమనియు అర్థము కలదు. వ్రాసినది ఆచారము కానిచో అది కాగితమే. 1903లో పుట్టిన అంజుమన్ తరఖ్ఖీయే ఉర్దూకు మౌల్వీ అబ్దుల్ హఖ్ గారు ఎన్నియో యేండ్లు కార్యదర్శియై, ఊరు మారినను దానిని నిలిపిరి. 1947లో కర్నూలున ఉస్మానియా కళాశాలను స్థాపించిన డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు వేరు. మా ఉర్దూ విద్యార్థులు పరీక్షలో ఈ ఇరువురిని ఒకరిగా చేయుచుందురు గనుక ఈ మాట.

ఆ సభ్యత్వ నియమమును వ్రాసినవారిని మేము నిందింపము. వారికి వారి వాదమున్నది. ఏ హోదాకై యాబదియేండ్లు పోరాడినారో ఆ హోదా అర్హతలపై నిలిచినది. అర్హతలను సడలించిన సర్కారు హోదాను సడలించునని వారి భయము. అది వట్టి భయమని కొట్టివేయరాదు. కాని నేడు ఎన్ని కళాశాలలలో గ్రంథపాలకుని కుర్చీలో క్రమబద్ధముగా నియమితుడైనవాడు ఉన్నాడు? అధ్యాపకుడొకడు అదనపు బాధ్యతగా తాళపుచెవులు మోయుచున్నచోట్లు మేము చూచితిమి. గౌరవవేతనముపై ఉన్నవారిని, తాత్కాలికులను బయట నిలిపిన సంఘమునకు సభ్యులు ఏటేట తరుగుదురు. ఓటులేని సహసభ్యత్వమను మధ్యమార్గమొకటి కొందరు సూచించుచున్నారట. చందా ఇచ్చి, కుర్చీలు సర్ది, ఓటు సమయమున లేచిపోవుట గౌరవమైన సభ్యత్వము కాదని మా అభిప్రాయము.

రావుగారి జీవితమును ఈ ప్రశ్న ముందుంచి చూచిన మాకు కనిపించినది ఇది. సర్కారు కొలువునకు అనర్హుడని ఇరువది మూడేండ్లకే ముద్రపడిన మనిషి ఆయన. నేటి నియమావళులలో అర్హతల పట్టిక చూచినచో ఆయన ఏ గ్రంథపాలకవృత్తి సంఘములోను సాధారణ సభ్యుడు కాజాలడు. అయ్యంకివారును కాజాలరు. పటములకు మాలలు వేయుదుము గాని, ఆ పటములలోనివారు దరఖాస్తు పెట్టుకొన్న తిప్పి పంపుదుము. ఈ మాటను మా గ్రంథపాలకులతో అనగా ఆయన చిన్నగా నవ్వి, రంగనాథన్ గారు మాత్రము సభ్యులగుదురు గదా యని సర్దిచెప్పిరి. 1924లో ఆ ఉద్యోగము చేపట్టిననాడు ఆయనయు కారని మేము గుర్తుచేసితిమి. ఆయన లండను పోయి ఆ విద్య అభ్యసించినది నియామకము తరువాతనే.

హరిసర్వోత్తమరావుగారు 1960 ఫిబ్రవరి 29న పరమపదించిరి. నాలుగేండ్లకొకసారి వచ్చు తేదీ యగుటవలన వర్ధంతి జరుపుటకును వీలుకాని మరణము. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయ చట్టము వచ్చి, ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములకు ఒకే ఏర్పాటు కలిగినది. విజయవాడలో గ్రంథాలయ సంఘపు భవనమునకు సర్వోత్తమ భవనమని పేరు పెట్టిరి. అక్కడి గ్రంథాలయము కూడ ఆయన పేరనే ఉన్నది. తన పేరు పెట్టుకొన్న సంఘములు మిగిలినవి గాని, ఆయన ఆస్తి కూడబెట్టినట్లు మేమెచ్చటను చదువలేదు.

అనువాదము మేము పూర్తిచేసితిమి. సభ్యత్వ నియమమును ఉన్నది ఉన్నట్లుగానే తెనిగించితిమి. అనువాదకునకు సవరించు అధికారము లేదు. అయితే అంచున పెన్సిలుతో ఒక వ్రాత వ్రాసితిమి. క్రమబద్ధ నియామకము అనుచోట, కళాశాల గ్రంథాలయపు బాధ్యతను ఏ పేరుతోనైన వహించుచున్నవారు అని ఉండిన బాగుండునని, అట్టివారికి ఓటు కూడ ఉండవలెనని అందు సూచించితిమి. మా గ్రంథపాలకులు దానిని చదివి, రబ్బరు తీసి చెరపబోయి, మరల మానిరి. శుద్ధప్రతి ఆయనయే తన గుండ్రని దస్తూరితో వ్రాసిరి. పెన్సిలు వ్రాతను కూడ సిరాతో అడుగున చేర్చినారో లేదో మేము అడుగలేదు. కవరుపై బిళ్లలు అంటించి టపాలో వేసి వచ్చి, అయిదు గంటలకు మూయవలసిన పఠనశాలను ఆనాడు పరీక్షల పిల్లలకై ఆరున్నర వరకు తెరచియుంచిరి. ఈ సంచిక అచ్చునకు పోవునాటికి జవాబు రాలేదు.